భీమండి, బొంబాయి వదిలి ఊరికొచ్చిన పెద్దవాళ్లు దవాఖానలో ఇబ్బంది పడకుండా ఉండాలంటే

ఊరికొచ్చి సామాను దించగానే అందరూ ముందు ఇంటి కప్పు చూసుకుంటారు, తర్వాత నల్లా సంగతి. ఒంటి సంగతి మాత్రం జ్వరమొచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. నా మాట వింటే ఆ వరుస మార్చండి. ఒంట్లో బాగున్నప్పుడే ఊరి ఆశా వర్కరు దగ్గర మీ పేరు రాయించుకోండి. ఆధార్, రేషన్, ఆరోగ్యశ్రీ అన్నీ దాని తర్వాతే.

నేను బొంబాయి దగ్గరి భీమండిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపినవాణ్ణి. నల్లగొండ జిల్లా చండూరు, గట్టుప్పల్ వైపు మగ్గం గుంతలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజుల్లో కల్యాణ్‌లో రైలు దిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అక్కడి పద్మానగర్‌లో ఖోలీ, అంటే ఒక గది, తీసుకుని ఉండేవాళ్లం. మా ఇంటావిడ బిస్సీ నడిపేది. అంటే, పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన సాంచా పనివాళ్లకు రెండు పూటలా అన్నం వండి పెట్టేది. నాకు కాస్త చదువు అబ్బింది కాబట్టి వాళ్లకు ఉత్తరాలు, మనియార్డర్ ఫారాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఊళ్లో మీసేవ ఫారాలు రాసిపెడుతున్నాను. పని మారలేదు, కాగితం మారింది. షోలాపూర్, సూరత్ నుంచి వచ్చిన మా పద్మశాలీలే కాదు, పూణెలో గుంపు మేస్త్రీ (కూలీలను తీసుకెళ్లే గుత్తేదారు) కింద పని చేసి తిరిగొచ్చిన మక్తల్, నారాయణపేట వైపు వాళ్లు కూడా ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఆశా దగ్గరికి

ఆశా వర్కరు చేతిలో ఇంటింటి లెక్క ఉంటుంది. దాదాపు వెయ్యి మందికి ఒక ఆశా. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడాలని లెక్క ఉంది. నోటి క్యాన్సర్, ఆడవాళ్లకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ లక్షణాలు కూడా అడగాలి. మరి మన ఇంటికి ఎందుకు రాలేదంటే, ఇన్నేళ్లూ మన ఇంటికి తాళం ఉంది. సర్వే చేసిన ప్రతిసారీ మన పేరు పక్కన "వలస" అని రాసుకుని వెళ్లిపోయారు. మనం తాళం తీసినంత మాత్రాన ఆ రాత చెరిగిపోదు, వెళ్లి చెప్పాలి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: మీ వయసు, ఏయే జబ్బులు ఉన్నాయి, ఇప్పుడు వేసుకుంటున్న గోళీలు, ఏ మందు పడదు, బయట ఉన్న కొడుకు ఫోన్ నంబరు, ఊళ్లోనే ఉండే ఒక చుట్టం నంబరు. మా ఊరి ఆశా నన్ను "మామా" అంటుంది, వరసకు కోడలే. చాలా ఊళ్లలో ఆశా ఎవరో ఒకరి కోడలో బిడ్డో అయి ఉంటుంది. మీరు ఊరు వదిలేనాటికి ఆమె పుట్టి కూడా ఉండకపోవచ్చు. "నేను ఫలానా వాళ్ల పెద్దకొడుకుని, ఆ చింతచెట్టు పక్క ఇల్లు" అని చెప్పుకోండి. సిగ్గు పడాల్సిన పని లేదు.

ఆమె మిమ్మల్ని పల్లె దవాఖానకు పంపుతుంది. పాత సబ్ సెంటరే, ఇప్పుడు ఆ పేరు. అక్కడ బీపీ, షుగర్ చూసి, ఉన్నట్టు తేలితే రికార్డులో ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కిందంటే నెలనెలా గోళీలు ఉచితంగా ఇస్తారు. బయట మెడికల్ షాపులో నెలకు పెట్టే ఖర్చు లెక్కేసుకోండి, ఈ ఒక్క పనికే ఊరికొచ్చిన ఫలితం దక్కుతుంది. కిడ్నీ, థైరాయిడ్, కొవ్వు పరీక్షలు కావాలంటే పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) రక్తం తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద జిల్లా ల్యాబుకు పంపిస్తారు. డబ్బు తీసుకోరు. రిపోర్టు ఫోనుకు వస్తుంది, కాబట్టి పనిచేసే నంబరు ఇవ్వండి.

అక్కడి మందుల చీటీ పారేయకండి

భీమండిలో డాక్టరు రాసిన చీటీ, ఆపరేషన్ అయి ఉంటే డిశ్చార్జ్ కాగితం, పాత ఈసీజీ, ఎక్స్‌రే ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. అందులో మరాఠీలో రాసింది ఏమైనా ఉంటే, అక్కడ ఉన్నప్పుడే చదువుకునే పిల్లల చేత ఇంగ్లీషులో ఒక ముక్క రాయించుకోండి. ఇక్కడి డాక్టరుకు మరాఠీ రావాలని ఏముంది.

ఇంకో సంగతి. అక్కడ వేసుకున్న గోళీ పేరుతో ఇక్కడ మందు దొరకకపోవచ్చు. గోళీ షీటు మీద కంపెనీ పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటివి ఆ చిన్న అక్షరాల్లో ఉండేవే. ప్రభుత్వ దవాఖానలో ఇచ్చేది ఆ పేరుతోనే. "రంగు వేరేగా ఉంది, ఇది నా మందు కాదు" అని మానేసిన వాళ్లను చాలామందిని చూశాను. ఖాళీ షీటు తీసుకెళ్లి నర్సుకు చూపించండి, రెండూ ఒకటేనా కాదా ఆమె చెబుతుంది. ఆమె చెప్పేదాకా పాతది ఆపకండి, పాతదీ కొత్తదీ కలిపి కూడా వేసుకోకండి.

ఆధార్ గొడవ

మనవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ ఇక్కడే. ఆధార్ మీద అడ్రసు ఠాణే జిల్లాది ఉంటుంది. దాని వల్ల ఏం పోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కానీ తెలంగాణ అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్ ఇస్తారు. ఇక్కడే పుట్టిన ముసలమ్మ, పక్కన కూర్చున్న మనవరాలికి జీరో టికెట్ ఇచ్చి తనను డబ్బులడిగితే ఎంత చిన్నబోతుందో ఆలోచించండి. నల్లగొండ పెద్ద దవాఖానకు నెలనెలా పోవాల్సిన మనిషికి ఆ చార్జీ కూడా లెక్కే.

అడ్రసు మార్చడానికి ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో మీ పేరు మీద ఉంటే తేలిక. మనలో చాలామందికి ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే, లేదంటే అన్నదమ్ముల ఉమ్మడిలో ఉంటుంది. అప్పుడు రెండు దారులు. ఊరి అడ్రసుతో ఆధార్ ఉన్న కొడుకో, కూతురో, భర్తో ఉంటే "కుటుంబ పెద్ద" పద్ధతిలో మార్చుకోవచ్చు. సెంటరులో అయితే ఆ మనిషి కూడా మీతో రావాలి. ఆన్‌లైన్‌లో అయితే ఆయన తన ఫోనులో 30 రోజుల్లోపు ఒప్పుకోవాలి. అలాంటి వాళ్లెవరూ లేకపోతే ఆధార్ వాళ్లు ఇచ్చే నమూనా ఫారం మీద మీ ఫొటో అంటించి, పంచాయతీలో సంతకం, ముద్ర వేయించుకుని వెళ్లాలి. ఆ కాగితం మూడు నెలలే చెల్లుతుంది.

అడ్రసు కన్నా ముందు ఫోన్ నంబరు చూసుకోండి. ఆధార్‌కు కలిపిన నంబరు భీమండిలో కొడుకు దగ్గర ఉంటుంది. ఇక్కడ మీసేవలో ఫారం నింపుతుంటే ఓటీపీ అక్కడికి పోతుంది. కొడుకు షిఫ్టులో ఉంటాడు, సాంచాల మోతలో ఫోన్ వినపడదు, ఇక్కడ టైం అయిపోతుంది. ఆధార్ సెంటరుకు మీరే వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్చుకోవచ్చు. దీనికి వేరే కాగితం అవసరం లేదు. ఆశ్చర్యం ఏమిటంటే అందరూ చివరికి వదిలేసే పని ఇదే, అన్నిటికీ అడ్డం పడేదీ ఇదే.

వేలిముద్రలు పడకపోవడం మరో తలనొప్పి. నూలు రాసుకుని రాసుకుని కొందరికి, సిమెంటు తిని కొందరికి వేలిగీతలు అరిగిపోయి ఉంటాయి. రేషన్ షాపులో అయినా, ఆధార్ సెంటరులో అయినా వేలు పడకపోతే "కన్ను పెట్టి చూడండి" అని అడగండి. ఐరిస్ అంటే అదే. కంటిలో శుక్లం బాగా ముదిరితే అదీ సరిగా పట్టదు, కాబట్టి కంటి ఆపరేషన్ వాయిదా వేయకండి.

పేరు తిప్పలు కూడా చెప్పాలి. మహారాష్ట్రలో పేరు ముందు, తండ్రి పేరో భర్త పేరో మధ్యలో, ఇంటిపేరు చివర రాస్తారు. ఇక్కడ ఇంటిపేరు ముందు. ఒకే మనిషి రెండు కార్డుల్లో ఇద్దరిలా కనిపిస్తాడు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే. పుట్టిన తేదీ అయితే మామూలుగా ఒక్కసారే. అందుకని తొందరపడి ఆధార్‌నే మార్చకండి. ఆధార్‌లో ఉన్నట్టే బ్యాంకు బుక్కు, రేషన్ కార్డు ఉండేలా చూసుకుంటే చాలా వరకు గట్టెక్కుతారు.

రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ, 70 దాటిన వాళ్ల కార్డు

అక్కడి రేషన్ కార్డులో పేరు ఉండగా ఇక్కడ ఎక్కించరు. వచ్చేసే ముందే అక్కడి రేషన్ ఆఫీసులో పేరు తీయించి, తీసినట్టు కాగితం తెచ్చుకోండి. తర్వాత ఇక్కడ కొడుకు కార్డులో చేర్చమని మీసేవలో పెట్టాలి. తేలేదాకా పస్తులుండాల్సిన పని లేదు. దేశం మొత్తం ఒకే రేషన్ పద్ధతిలో మహారాష్ట్ర కార్డు మీదే ఇక్కడి షాపులో కేంద్రం కోటా బియ్యం తీసుకోవచ్చు. మన రాష్ట్ర కార్డు ఉంటే మనిషికి 6 కిలోల సన్నబియ్యం. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం అది.

రేషన్ కార్డుతోనే ఆరోగ్యశ్రీ ముడిపడి ఉంది. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆరోగ్యశ్రీ అంటే దవాఖానలో చేరి చేయించుకునే చికిత్సలకు, ఆపరేషన్లకు. దగ్గుకు, మోకాలి నొప్పికి ఓపీలో చూపించుకుంటే అది వర్తించదు. చేరే ముందు, దవాఖానలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడిగి, ముందు ఆయన్ని కలవండి. కౌంటరులో అడ్వాన్స్ కట్టేశాక "మాకు ఆరోగ్యశ్రీ ఉంది" అంటే కథ అడ్డం తిరుగుతుంది. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.

70 నిండినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబర్ 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది. ఆదాయంతో పని లేదు, 5 లక్షల దాకా. వయసు ఆధార్‌లో ఉన్నదే లెక్క. మన తరంలో సగం మందికి పుట్టినరోజు జనవరి 1 అని రాసేశారు, సంవత్సరం కూడా అంచనాయే. మీ ఆధార్‌లో ఏముందో ఒకసారి చదివించుకోండి. ఏ దవాఖానలో ఏ కార్డు చెల్లుతుందో కూడా ఆరోగ్యమిత్రనే అడగండి.

పింఛను సంగతి పొడిగా చెబుతాను. నేత కార్మికులకు ఆసరా కింద 50 ఏళ్లకే అర్హత ఉంది. అక్కడ మహారాష్ట్రలో ఏదైనా పింఛను వస్తుంటే రెండూ తీసుకోకూడదు. దరఖాస్తు ఇచ్చి రసీదు దాచుకోండి. ఎప్పుడొస్తుందని నన్ను అడగకండి.

చెవులు

దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవరూ పట్టించుకోరు. సాంచాల షెడ్డులో పక్కమనిషి మాట వినపడదు. చేతులతో, పెదాల కదలికతో మాట్లాడుకుంటాం. ఆ మోతలో ఏళ్లు గడిపాక చెవులు మెల్లగా పోతాయి. భీమండిలో అందరం అంతే కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. ఊరికొచ్చాక తెలుస్తుంది. వెనక నుంచి పిలిస్తే పలకం. "బొంబాయి పోయొచ్చిండు, బాగా పొగరు పట్టింది" అంటారు. అడిగిన దానికి వేరే జవాబు చెబితే మతి పోయిందంటారు. చావు కబురు మైకులో చెబితే కూడా తెలియక, పోవాల్సిన చోటికి పోకుండా ఉంటాం, అది జీవితాంతం మాట పడే సంగతి. దవాఖానలోనూ ఇదే. ఓపీలో పేరు పిలుస్తారు, మనం గోడకు ఆనుకుని కూర్చునే ఉంటాం, వరస దాటిపోతుంది.

చేయాల్సింది ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ దవాఖానల్లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. "ఇన్నేళ్లు సాంచాల మీద పని చేశాను" అని మీరే ముందుగా చెప్పండి, ఆయన అడిగేదాకా చూడకండి. ముందు గుబిలి ఉందేమో చూస్తారు, కొందరికి దాంతోనే సగం తేటపడుతుంది. మోత వల్ల పోయిన వినికిడి చుక్కల మందుతో రాదు. ఎవరైనా నూనె పోస్తామంటే పోయించుకోకండి. వినికిడి మిషను కావాలి. బాగా పోయినట్టు తేలితే దివ్యాంగుల సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనవాళ్లు ఇప్పటికీ సదరం అనే అంటారు. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ కార్డు మీద చాలా పనులు అవుతాయి. అంత శాతం రాకపోయినా, 60 దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి మిషన్లు, చేతికర్రలు, కళ్లజోళ్లు, పళ్ల సెట్లు క్యాంపులు పెట్టి ఇస్తారు. క్యాంపు ఎప్పుడో జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి ఫోన్ నంబరు రాయించి రండి.

మిషను చేతికొచ్చేదాకా ఈ చిట్కా వాడండి. డాక్టరు ఎదురుగా, వెలుతురు ఆయన ముఖం మీద పడేలా కూర్చోండి. మనకు పెదాలు చదవడం వచ్చు కదా, ఆ విద్య ఇక్కడ పనికొస్తుంది. మాస్కు పెట్టుకుని ఉంటే "సార్, చెవులు వినపడవు, రాసివ్వండి" అనండి. ఓపీలో చీటీ తీసుకోగానే పిలిచే మనిషికి ముఖం చూపించి, చెవి వైపు చెయ్యి పెట్టి చెప్పి, ఆయనకు కనపడే చోటే కూర్చోండి.

దగ్గు, కీళ్లు

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి, పీహెచ్‌సీలో ఉచితం. ఖోలీలో పది మంది కలిసి పడుకున్నవాళ్లం, టీబీ అంటే నామోషీ ఏముంది. అక్కడే టీబీ మందులు మొదలుపెట్టి మధ్యలో వచ్చేసి ఉంటే, అక్కడిచ్చిన నిక్షయ్ నంబరు (టీబీ కేసు నంబరు) ఇక్కడ చెప్పండి. రాష్ట్రం మారినా కేసు ఇక్కడికి మార్చుకుని మందులు కొనసాగిస్తారు. కోర్సు నడిచినన్నాళ్లూ తిండికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. తెమడలో ఏమీ లేకపోయినా ఆయాసం తగ్గకపోతే నూలు దుమ్ములో పని చేసినట్టు డాక్టరుకు చెప్పాలి. రాయి కొట్టినవాళ్లు, కంకర మిషన్ల దగ్గర చేసినవాళ్లు మరీ ముఖ్యంగా చెప్పాలి. బీడీ సంగతి ఎలాగూ ఆయనే అడుగుతారు.

మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు పుట్టినవాళ్లు మోకాళ్లు, నడుము, మెడ బిగుసుకుపోతుంటే చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో కూడా చెప్పండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి, తర్వాత బొంబాయి చేరినవాళ్లకు నొప్పి ముసలితనంలో బయటపడితే, అది వయసు నొప్పే అనుకుని ఏళ్ల తరబడి నొప్పి గోళీలు మింగుతారు. వాటితో కిడ్నీలు దెబ్బతింటాయి. ఇప్పుడు తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి, పాత బోరింగు నీళ్లు తీపిగా ఉన్నాయని మళ్లీ మొదలుపెట్టకండి.

ఊళ్లో కలవడం

దవాఖానకు తోడు వచ్చే మనిషి కావాలంటే ముందు ఊళ్లో మనిషి కావాలి. మనం దసరాకో, జాతరకో వచ్చి పోయే చుట్టాలుగా మిగిలిపోయాం. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో, ఎవరికి ఎవరు పడదో తెలియదు. మొదటి కొన్ని నెలలు చావుకు, దినానికి పిలవకపోయినా వెళ్లండి. పెళ్లికి పిలిస్తేనే వెళ్లండి. కుల సంఘంలో చందా బాకీ ఉంటే కట్టేయండి. "మా భీమండిలో అయితే..." అని రోజుకు ఒకసారి కన్నా ఎక్కువ అనకండి, అది వినేవాళ్లకు చాలా విసుగు. నేను చెబుతున్నది మగవాళ్లకే. ఆడవాళ్లు ఈ తప్పు చెయ్యరు.

అయితే ఆడవాళ్ల కష్టం వేరే. మా ఇంటావిడకు బిస్సీలో పొద్దున లేస్తే చుట్టూ మనుషులే. ఇక్కడ ఇంట్లో ఇద్దరం. ఆమె మాట్లాడటం తగ్గించేసింది. ఆశా చెప్పి మహిళా సంఘం మీటింగుకు తీసుకెళ్లింది. అప్పు తీసుకోకపోయినా ఆ కూర్చోవడం కోసమే వెళుతుంది. ఈ మధ్య పెద్ద వయసు ఆడవాళ్లకు వేరే సంఘాలు కూడా పెడుతున్నారు, మీ ఊళ్లో మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏను అడగండి. నిద్ర పట్టక, ఏడుపొస్తూ, తిండి సయించక రోజులు గడుస్తుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు లేదు. పెద్దవాళ్లకు ఏ సమస్య ఉన్నా అడగడానికి 14567 ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. ఇల్లు రాయించుకుని కొడుకు అన్నం పెట్టకపోతే ఆర్డీఓ దగ్గర దరఖాస్తు పెట్టుకునే చట్టం 2007 నుంచి ఉంది, వకీలు అవసరం లేదు.

ఓటు కూడా మార్చుకోండి, ఫారం 8. ఊళ్లో ఓటున్న మనిషి దవాఖానలో మంచం కోసం సర్పంచుకు ఫోన్ చేస్తే ఎత్తే తీరు వేరు. ఇది రాయకూడదేమో గానీ, నిజం.

మంచం పట్టినవాళ్లు ఇంట్లో ఉంటే ఆలన అనే బండి గురించి అడగండి. క్యాన్సర్, పక్షవాతం లాంటి వాటితో లేవలేని వాళ్లను నర్సులు ఇంటికొచ్చి చూస్తారు, పుండ్లు కడుగుతారు, నొప్పికి మందులిస్తారు. జిల్లా పాలియేటివ్ కేంద్రం వాళ్లది. దరఖాస్తు ఏమీ లేదు, ఆశా ద్వారా చెప్పిస్తే చాలు.

కొడుకు దగ్గరికి పోయేటప్పుడు

ఊరికొచ్చినా భీమండి పూర్తిగా వదలదు. కోడలి కాన్పనో, వానాకాలం ఇక్కడ ఇల్లు కురుస్తుందనో పోతూనే ఉంటాం. పోయే వారం ముందు పల్లె దవాఖానకు వెళ్లి, ఎన్ని నెలలు ఉంటారో చెప్పి గోళీలు అడగండి. ఎక్కువ ఇవ్వలేమంటే ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో నర్సు చేత రాయించుకుని సంతకం పెట్టించుకోండి, అక్కడి ప్రభుత్వ దవాఖానలో చూపించవచ్చు. టీబీ మందుల మీద ఉంటే నిక్షయ్ నంబరు తప్పనిసరి. రేషన్ కార్డు ఇక్కడిదే ఉంచండి, బియ్యం అక్కడ తీసుకోవచ్చు. వినికిడి మిషను బ్యాటరీలు కొన్ని కొని పెట్టుకోండి, షెడ్డులోకి మాత్రం అది పెట్టుకుని వెళ్లకండి. ఇంకా, ఆశాకు చెప్పి వెళ్లండి. లేకపోతే మళ్లీ తాళం చూసి "వలస" అని రాసేస్తుంది.